పెదవి లేపనాల్లో వృక్ష తైలాలు, వెన్నలు: నాణ్యతను నిర్ణయించే కోతానంతర దశ

మానవ చర్మంలో పెదవుల ఎర్రని భాగానికి ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ రోమాలు, స్వేద గ్రంథులు ఉండవు. మిగిలిన చర్మానికి నిరంతరం జిడ్డును అందించే తైల గ్రంథులు కూడా దాదాపు ఉండవు. రక్షణ కవచంగా పనిచేసే పైపొర ఎంతో పలుచన. అందువల్ల పెదవుల నుండి తేమ త్వరగా ఆవిరైపోతుంది. మాఘమాసపు చలిగాలికైనా, రోహిణి కార్తె ఎండకైనా ముందుగా పగిలేది పెదవులే. పగిలిన పెదవులకు వెన్నపూస, నెయ్యి, ఆముదం రాయడం తెలుగు పల్లెల్లో తరతరాలుగా ఉన్న అలవాటు. శరీరం తాను తయారు చేసుకోలేని జిడ్డును బయటి నుండి అందించడమే ఇందులోని శాస్త్రం. అంగడిలో దొరికే పెదవి లేపనం చేసేదీ ఇదే పని.

పెదవి లేపనానికి మిగతా సౌందర్య సాధనాలకు లేని మరొక నిబంధన ఉంది. పెదవికి రాసినదానిలో కొంత భాగం తప్పనిసరిగా కడుపులోకి పోతుంది. కాబట్టి ఇందులో వాడే తైలం చర్మానికి హాని చేయనిదై ఉంటే చాలదు. రుచిలో, వాసనలో, శుద్ధిలో ఆహార తైలానికి దీటుగా ఉండాలి. తలకు రాసుకునే నూనెలో కొద్దిపాటి ముక్కవాసనను సహించవచ్చు. ముక్కుకు అంగుళం దూరంలో, నాలుకకు అందుబాటులో ఉండే లేపనంలో దానిని ఎవరూ సహించరు.

ఈ నిబంధన రసాయన కర్మాగారానికి సంబంధించినదిగా పైకి కనిపిస్తుంది. వాస్తవానికి దాని మూలం చేనులో, అడవి అంచున, పండ్ల గుజ్జు కర్మాగారం పెరట్లో ఉంది. గింజ చెట్టు నుండి వేరుపడిన తరువాతి కొద్ది రోజుల్లో దానిని ఏ విధంగా ఉంచారన్నదే, అందులోని కొవ్వు పెదవులకు పనికివస్తుందా, సబ్బుల బట్టీకి పోతుందా అన్నది తేల్చివేస్తుంది. వ్యవసాయ విస్తరణ కార్యక్రమాల్లో దిగుబడికి, తెగుళ్ళకు దక్కినంత శ్రద్ధ ఈ కొద్ది రోజులకు దక్కలేదు. ఆ నష్టాన్ని భరిస్తున్నది గింజ ఏరేవారు, పండించేవారు.

లైపేజ్ చేసే పని

నూనె గింజలోని కొవ్వు అధిక భాగం ట్రైగ్లిసరైడ్ల రూపంలో ఉంటుంది. ఒక గ్లిసరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉన్న నిర్మాణమిది. గింజ మొలకెత్తేటప్పుడు ఈ నిల్వను విడగొట్టి పిండానికి ఆహారంగా మార్చేందుకు లైపేజ్ అనే ఎంజైము తోడ్పడుతుంది. ఈ చర్యకు నీరు అవసరం. గింజ ఆరినంత కాలం లైపేజ్ దాదాపు నిద్రావస్థలో ఉంటుంది. తేమ తగిలినా, గింజ నలిగినా, బూజు పట్టినా మేల్కొంటుంది. బూజు తన సొంత లైపేజ్‌ను కూడా వెంట తెస్తుంది. ఫలితంగా కొవ్వు ఆమ్లాలు బంధం వీడి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలుగా నూనెలో పోగవుతాయి.

ఇవి పెదవి లేపనంలో మూడు విధాలుగా చేటు చేస్తాయి. మొదటిది రుచి, వాసన. రెండవది, ఇవి ట్రైగ్లిసరైడ్ల కంటే త్వరగా ఆక్సీకరణ చెంది నూనె ముక్కిపోవడాన్ని వేగవంతం చేస్తాయి. మూడవది అంతగా ప్రచారంలో లేని విషయం: స్వేచ్ఛగా ఉన్న ఓలియిక్ ఆమ్లం చర్మపు పైపొరలోని కొవ్వుల అమరికను చెదరగొడుతుంది. ఔషధాలు చర్మంలోనికి చొచ్చుకుపోవడానికి దానిని ఉద్దేశపూర్వకంగా వాడడం ఈ గుణం వల్లనే. పలుచని పైపొర గల పెదవికి అటువంటి నూనె రాయడం మేలు చేయకపోగా మంట పుట్టించవచ్చు. అందుకే పెదవులకు ఉద్దేశించిన తైలాల్లో ఆమ్ల విలువ ఒకటి, రెండుకు మించకూడదని కొనుగోలుదారులు పట్టుబడతారు.

శుద్ధి చేస్తే సరిపోతుంది కదా అన్న ప్రశ్న సహజమైనదే. క్షారంతో శుద్ధి చేసినప్పుడు స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు సబ్బుగా మారి తొలగిపోతాయి. అయితే ఆ సబ్బు తనతో పాటు మంచి నూనెను కూడా లాక్కుపోతుంది. తొలగించిన ఆమ్లం కంటే పోయిన నూనె ఎప్పుడూ ఎక్కువే. చిక్కని ఆముదంలో ఈ నష్టం మరింత అధికం. నూనెకు నిల్వగుణాన్నిచ్చే టోకోఫెరాల్స్ కూడా కొంత తరిగిపోతాయి. ఈ ఖర్చును శుద్ధి కర్మాగారం తన లాభం నుండి భరించదు. గింజ ధరలోనే కోసివేస్తుంది.

ఆముదం

లిప్‌స్టిక్ తయారీలో ఆముదానిది ప్రధాన స్థానం. కారణం దాని అసాధారణ నిర్మాణం. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుండి 90 శాతం వరకు రిసినోలియిక్ ఆమ్లమే. దీనిలోని పన్నెండవ కార్బన్‌పై ఒక హైడ్రాక్సిల్ సమూహం ఉంటుంది. ఇతర వంట నూనెల్లో ఇది కనిపించదు. ఈ ఒక్క సమూహం వల్లనే ఆముదం చిక్కగా ఉంటుంది, రంగు పొడులను చక్కగా తడిపి పట్టి ఉంచుతుంది, పెదవిపై మెరుస్తూ జారిపోకుండా నిలుస్తుంది. హైడ్రోజన్ చేర్చితే ఇదే ఆముదం సుమారు 85 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే గట్టి మైనంగా మారుతుంది. అదీ లేపనాల్లో వాడుకలో ఉంది. రిసినోలియిక్ ఆమ్లం పడనివారు కొద్దిమంది ఉన్నారనీ, లిప్‌స్టిక్ వల్ల వారి పెదవులు వాచిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయనీ కూడా విద్యార్థులు తెలుసుకోవాలి. సహజమైనది గనుక అందరికీ సురక్షితమనే వాదనకు శాస్త్రంలో స్థానం లేదు.

ఆముదం గింజకు లైపేజ్‌తో ఉన్న సంబంధం మరీ విచిత్రమైనది. చాలా గింజల్లో ఈ ఎంజైము మొలక దశలోనే చురుకుగా మారుతుంది. ఆముదంలో మాత్రం మొలకెత్తని ఎండు గింజలోనే ఆమ్ల లైపేజ్ సిద్ధంగా ఉంటుంది. 1902లో జర్మనీలో కాన్‌స్టీన్, ఆయన సహచరులు ఈ గుణాన్ని వెల్లడించారు. ఆ తరువాత నలిపిన ఆముదం గింజలనే ఇతర కొవ్వులను విడగొట్టే సాధనంగా పరిశ్రమలో వాడారు. కాబట్టి నలిగిన ఆముదం గింజ తన నూనెను తానే పాడుచేసుకుంటుంది. నూర్పిడిలో పగిలిన గింజలను ఆరిన మంచి గింజల్లో కలిపి బస్తాలకెత్తడం ఎంత నష్టదాయకమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

దేశంలో ఆముదం ఉత్పత్తిలో అగ్రస్థానం గుజరాత్‌ది. తెలంగాణలో పాలమూరు, నల్గొండ ప్రాంతాల ఎర్ర చల్కా నేలల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, అనంతపురం మెట్ట భూముల్లోనూ ఇది పాత పంట. రాజేంద్రనగర్‌లోని భారత నూనెగింజల పరిశోధన సంస్థ, నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంటపై దీర్ఘకాలంగా కృషి చేస్తున్నాయి. క్రాంతి, హరిత వంటి రకాలు పాలెం నుండి వచ్చినవే. ఇక్కడి సమస్య వాన. ఖరీఫ్‌లో జూన్, జూలై మాసాల్లో విత్తిన పంటలో మొదటి గెలలు అక్టోబరు ప్రాంతంలో పక్వానికి వస్తాయి. అదే సమయంలో తుఫాను వానలు పడితే గెలలకు బూజు తెగులు సోకి కాయలు కుళ్ళుతాయి. తెగులు సోకిన గెలలోని గింజ తాలుగా మారి నూనె శాతం తగ్గుతుంది; మిగిలిన నూనెలో ఆమ్ల విలువ పెరుగుతుంది. రైతు సాధారణంగా అటువంటి గెలలను కూడా మంచివాటితో కలిపి కళ్ళంలో పోస్తాడు. తూకం కోసం చేసే ఈ పని మొత్తం కుప్ప విలువను దించుతుంది. ఒక్కో కోత గెలలను విడిగా ఎండబెట్టి, తెగులు సోకినవాటిని వేరుచేసి, గింజ తేమ 8 శాతం లోపుకు వచ్చాకనే నిల్వ చేయమని చెప్పడం విస్తరణ సిబ్బందికి కష్టమైన పని కాదు. అలా వేరుచేసిన గింజకు వేరు ధర ఇచ్చే కొనుగోలుదారుని చూపించడమే కష్టం.

ఇక్కడ వంటాముదం ప్రస్తావన అవసరం. గానుగ అందుబాటులో లేని ఇళ్ళలో స్త్రీలు ఆముదం గింజలను దోరగా వేయించి, రోట్లో దంచి, నీటిలో మరిగించి, పైకి తేలిన నూనెను తేర్చి, మళ్ళీ కాచి తడి పోగొట్టేవారు. బాలింతలకు, పసిపిల్లలకు ఆ నూనెనే వాడేవారు. వేయించడం వల్ల లైపేజ్ నశిస్తుంది. గింజలోని రిసిన్ అనే విష ప్రోటీన్ కూడా వేడికి నిర్వీర్యమవుతుంది; నూనెలో కరగదు గనుక అది పిప్పిలోనే మిగులుతుంది. ఏ ప్రయోగశాలా లేని కాలంలో ఇంతటి శుద్ధమైన పద్ధతి వంటింట్లో రూపుదిద్దుకోవడం గమనార్హం. దీనికి ఒక పరిమితి ఉంది. వేయించిన గింజ నూనె రంగు ముదురుగా, వాసన ఘాటుగా ఉంటుంది; లేత రంగును కోరే లేపన పరిశ్రమకు చల్లని గానుగలో తీసి వడగట్టి శుద్ధి చేసిన నూనె కావాలి. ఏ పద్ధతిలో తీసినా ఆముదపు చెక్కను పశువులకు మేపరాదు.

షియా చెప్పే పాఠం, ఇప్ప ఇంకా నేర్వని పాఠం

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినాఫాసో, ఘనా, మాలి వంటి దేశాల గడ్డి మైదానాల్లో పెరిగే షియా చెట్టు సపోటేసి కుటుంబానికి చెందినది. మన ఇప్ప చెట్టుదీ అదే కుటుంబం. రెండు చెట్ల గింజలనూ ప్రధానంగా స్త్రీలే ఏరుతారు. రెండూ వానలు మొదలయ్యే వేళకే నేల రాలుతాయి. రెండింటి కొవ్వూ గది ఉష్ణోగ్రత వద్ద వెన్నలా గడ్డకడుతుంది. ఇన్ని పోలికలున్నా షియా వెన్న నేడు ప్రపంచవ్యాప్తంగా పెదవి లేపనాల్లో గౌరవ స్థానం పొందగా, ఇప్ప నూనె చాలావరకు సబ్బుల తయారీకి, దీపాలకు పరిమితమైంది.

ఈ తేడాకు వ్యాపార కారణాలు అనేకం ఉండవచ్చు. వ్యవసాయ శాస్త్రవేత్త గమనించవలసినది ఒకటి ఉంది. మేలైన షియా గింజ కోసం పండు ఏరిన కొద్ది రోజుల్లోనే గుజ్జు తీసి, గింజలను నీటిలో ఉడకబెట్టి, ఆ తరువాత ఎండబెడతారు. ఉడకబెట్టడంతో మొలక చస్తుంది, లైపేజ్ నశిస్తుంది. ఉడికించకుండా గుట్టగా వదిలేసిన షియా గింజ నుండి వచ్చే వెన్న అక్కడ కూడా తక్కువ ధరకే పోతుంది. ఇప్ప గింజ విషయంలో ఈ దశ సాధారణంగా ఉండదు. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ప్రాంతాల్లో గింజ రాలే వేళకు నేల తడిగా ఉంటుంది. ఏరిన గింజను పెంకు తీసి వాకిట్లో ఆరబోస్తారు. మబ్బు పడితే గోనెసంచుల్లోకి ఎత్తుతారు. రెండు మూడు మబ్బు రోజులు గడిచేసరికి పప్పు మెత్తబడి బూజు పడుతుంది. సంతకు చేరేలోపే అది సబ్బు సరుకైపోతుంది.

ఇప్ప పప్పులో సుమారు సగం నూనె. అందులో ఓలియిక్ ఆమ్లం 40 శాతానికి పైబడి, మిగిలిన దానిలో స్టియరిక్, పామిటిక్ ఆమ్లాలు ప్రధానంగా ఉంటాయి. స్టియరిక్ ఆమ్లం షియా వెన్న కంటే తక్కువ గనుక ఇప్ప వెన్న మెత్తగా ఉంటుంది. కడ్డీ రూపంలో కంటే చిన్న డబ్బాలో పోసే లేపనానికి ఎక్కువ అనువైనది. దీనికి మరో అడ్డంకి చేదు. గింజలోని సపోనిన్లు దీనికి కారణం. చేపల చెరువుల్లో అనవసరపు చేపలను తొలగించడానికి ఇప్ప చెక్కను వాడేది కూడా ఈ సపోనిన్ల వల్లనే. ఇవి ఎక్కువగా చెక్కలోనే మిగిలినా, సరిగా వడగట్టని నూనెలో కొంత చేరి నాలుకకు తగులుతాయి. వేడి నీటితో కడిగి, తడి పూర్తిగా పోయేవరకు కాచి వడగట్టడం ఈ లోపాన్ని చాలావరకు తగ్గిస్తుంది.

పేరు విషయంలో ఇప్పకు జరిగిన అన్యాయం కూడా చెప్పుకోదగినదే. సౌందర్య సాధనాల వ్యాపారంలో ఇల్లిపె వెన్న అనేది పేరున్న సరుకు. ఆ మాట తమిళంలో ఇప్పకున్న ఇలుప్పై అనే పేరు నుండి పుట్టింది. నేడు ఆ పేరుతో అమ్ముడయ్యేది బోర్నియో అడవుల్లోని షోరియా జాతి చెట్టు కొవ్వు.

మామిడి జీడి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తోతాపురి మామిడిని గుజ్జుగా మార్చే కర్మాగారాలు మే నుండి జూలై వరకు పనిచేస్తాయి. వాటి పెరట్లో టెంకలు కుప్పలుగా పేరుకుంటాయి. టెంకలోని జీడిని ఎండబెడితే అందులో రకాన్ని బట్టి 6 నుండి 13 శాతం వరకు కొవ్వు లభిస్తుంది. ఇతర నూనెగింజలతో పోల్చితే ఇది తక్కువే. కానీ గుణంలో కోకో వెన్నకు సన్నిహితమైనది. స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలు రెండూ కలిసి నాలుగింట మూడు వంతులకు పైగా ఉంటాయి. శరీర ఉష్ణోగ్రతకు సమీపంలో కరిగి పెదవిపై మృదువుగా పరుచుకుంటుంది. పెద్దగా వాసన లేకపోవడం అదనపు మేలు. చాక్లెట్లలో కోకో వెన్నకు బదులు పరిమితంగా వాడేందుకు 2000 సంవత్సరంలో ఐరోపా సమాఖ్య అనుమతించిన ఆరు వృక్ష కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు, గుగ్గిలం కొవ్వు, కోకం, షియా కూడా ఉన్నాయి. తినడానికి తగినదని గుర్తింపు పొందిన కొవ్వు పెదవులకు ఎంత అనువైనదో వేరుగా చెప్పనవసరం లేదు.

అయితే తాజా జీడిలో దాదాపు సగం బరువు తేమే. టెంకకు అంటుకున్న గుజ్జు తీపి. తీపి, తేమ, జూన్ మాసపు ఉక్క కలిస్తే కుప్ప లోపల వేడి పుట్టి పులియడం మొదలవుతుంది. కొద్ది రోజుల్లోనే జీడి నల్లబడుతుంది. బూజు వల్ల అఫ్లాటాక్సిన్ చేరే ప్రమాదమూ ఉంది. కడుపులోకి పోయే లేపనంలో దానిని ఏమాత్రం ఉపేక్షించరాదు. టెంకలను అదే రోజు కడిగి, పలుచగా పరచి ఆరబెట్టి, పగలగొట్టి, జీడిని వేడి గాలితో 8 నుండి 10 శాతం తేమకు ఆరబెట్టగలిగితే అది ముడిసరుకు. లేకుంటే పారబోయడానికి కూలి ఖర్చయ్యే చెత్త. ఈ రెండింటి మధ్య ఉన్నది ఒక ఆరబెట్టే యంత్రం, నాలుగైదు రోజుల కాలం.

కోకో, కొబ్బరి విషయంలో పరిస్థితి కొంత మెరుగు. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతర పంటగా కోకో స్థిరపడింది. గింజ పులియబెట్టడం, ఆరబెట్టడంలో రైతులకు శిక్షణ ఉంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల వద్దనే కరుగుతుంది గనుక కడ్డీకి బలాన్నివ్వదు, జారుడుగుణాన్ని మాత్రమే ఇస్తుంది. పొగపై ఆరబెట్టిన కురిడీ నూనెకు పొగవాసన అంటుతుంది. అది లేపనానికి పనికిరాదు. లినోలియిక్ ఆమ్లం అధికంగా గల కుసుమ, పొద్దుతిరుగుడు నూనెలు తేలికగా ఇంకినా త్వరగా ముక్కిపోతాయి. నువ్వుల నూనెకు సెసమాల్ వల్ల నిల్వగుణం మెరుగు, వాసన మాత్రం ప్రతిబంధకం.

లేపనపు కూర్పు

కడ్డీ రూపంలోని లేపనంలో మైనం ఎముకల గూడు వంటిది, వెన్న కండ వంటిది, ద్రవ తైలం జారుడునిచ్చేది. విద్యార్థుల ప్రయోగానికి 100 గ్రాముల కూర్పులో తేనెమైనం 22 గ్రాములు, వెన్న 28 గ్రాములు, ఆముదం తదితర ద్రవ తైలాలు 50 గ్రాములతో మొదలుపెట్టవచ్చు. తేనెమైనం 62 నుండి 65 డిగ్రీల వద్ద కరుగుతుంది. బయట 44, 45 డిగ్రీలు దాటే రామగుండం, రెంటచింతల వేసవిలో ఈ కూర్పు మెత్తబడుతుంది. అప్పుడు కొంత తేనెమైనం స్థానంలో 82 నుండి 86 డిగ్రీల వద్ద కరిగే కార్నాబా మైనం చేర్చాలి. మైనాన్ని, తైలాన్ని ముందు కరిగించి, వెన్నను చివరలో కలిపి, అచ్చులో పోసి త్వరగా చల్లార్చాలి. నెమ్మదిగా చల్లారితే స్టియరిక్ అధికంగా గల భాగం ముందుగా స్ఫటికమై, లేపనం రవ్వరవ్వగా తయారవుతుంది. షియా, మామిడి వెన్నల్లో ఇది తరచుగా ఎదురయ్యే లోపం.

రెండు అపోహలను ఇక్కడే తొలగించుకోవాలి. తేమ ఆవిరి కాకుండా అడ్డుకోవడంలో పెట్రోలియం జెల్లీకి సాటిరాగల వృక్ష తైలం లేదు. వృక్ష వెన్నల బలం మృదుత్వంలో, చర్మపు కొవ్వులతో వాటికున్న సామీప్యంలో ఉంది. అదే విధంగా ఏ వృక్ష తైలాన్నీ ఎండ దెబ్బకు రక్షణగా భావించరాదు. పగలంతా పొలంలో వంగి పనిచేసే కూలీలకు ఎండ వల్ల కింది పెదవికి కలిగే దీర్ఘకాలిక హాని వాస్తవం. దానికి తలపాగా, కొంగు నీడ, అతినీలలోహిత కిరణాలను ఆపే పదార్థం చేర్చిన లేపనం అవసరం.

విస్తరణకు పనికివచ్చే కొలత

ఇటీవలి కాలంలో స్వయం సహాయక బృందాలకు పెదవి లేపనాల తయారీలో శిక్షణ ఇవ్వడం విరివిగా సాగుతోంది. ఉత్సాహాన్ని తప్పుపట్టలేం. కానీ అమ్మకానికి సౌందర్య సాధనాలు తయారు చేయాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం అనుమతి పొందాలి. దానికి తగిన గది, సిబ్బంది, పరీక్షల ఏర్పాటు చూపాలి. ఈ భారాన్ని మోయగల బృందాలు కొన్నే. శిక్షణ ముగిసిన ఏడాదికి అచ్చులు అటకెక్కడం అరుదైన సంగతి కాదు. గింజను సకాలంలో వేడిచేసి, ఆరబెట్టి, ఆమ్ల విలువ చూపించి అమ్మడానికి అంత హంగు అవసరం లేదు. బృందానికి లాభం రావలసిన మొదటి మెట్టు అది.

ఆమ్ల విలువను కనుగొనడం కృషి విజ్ఞాన కేంద్రాల స్థాయిలో సులభంగా చేయదగిన పరీక్ష. 5 గ్రాముల నూనెను తటస్థీకరించిన ఆల్కహాల్‌లో కలిపి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, 0.1 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో గులాబీ రంగు నిలిచేవరకు టైట్రేషన్ చేయాలి. ఖర్చయిన ద్రావణం మిల్లీలీటర్లను నార్మాలిటీతోనూ, 56.1 తోనూ హెచ్చించి, నూనె బరువుతో భాగిస్తే ఆమ్ల విలువ వస్తుంది. ఉదాహరణకు 2.5 మిల్లీలీటర్లు ఖర్చయితే ఆమ్ల విలువ 2.8. ఆ నూనె శుద్ధి చేయనిదే పెదవులకు పనికిరాదు. అదే అంకెను స్వేచ్ఛా కొవ్వు ఆమ్ల శాతంగా చెప్పేటప్పుడు ఇప్ప, మామిడి కొవ్వులకు ఓలియిక్ ఆమ్లం ఆధారంగా 28.2 గుణకం వాడాలి, ఫలితం 1.41 శాతం. ఆముదానికి రిసినోలియిక్ ఆమ్లం ఆధారంగా 29.8 వాడాలి, ఫలితం 1.49 శాతం. ఏ ఆమ్లం ఆధారంగా లెక్కించారో నివేదికలో రాయకపోవడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. కొనుగోలుదారుతో వివాదం వచ్చినప్పుడు మొదట బయటపడేది అదే.

పరీక్షకు నమూనా తీయడంలోనూ జాగ్రత్త వహించాలి. బస్తా పైభాగంలోని గింజ ఆరి ఉంటుంది, అడుగున చెమ్మగా ఉంటుంది. పై నుండి, మధ్య నుండి, అడుగు నుండి తీసిన గింజను కలిపి నూనె తీయాలి. ఏరిన తేదీ, ఉడికించిన లేదా ఆరబెట్టడం మొదలుపెట్టిన తేదీ, మధ్యలో వాన పడిన రోజులు బస్తాపై కట్టిన చీటీలో రాసి ఉంచితే, ఒక్క రుతువులోనే ఏ గూడెంలో ఏ దశలో ఆమ్ల విలువ పెరుగుతున్నదో పట్టుకోవచ్చు.